చెమర్చిన రాయి

కొలతల మేడమ్‌ను గేటు బయటికి గెంటేస్తుంటే డ్రిల్లర్ చూశాడు. అతనొక్కడేనా, షిఫ్టు షిఫ్టంతా చూసింది. తలొంచుకుని పనిలోకి దిగింది.

భూమి అడుగున, రాతిలో తొలిచిన సొరంగంలో ఆమె ఏళ్ల తరబడి పరిశోధన చేస్తోంది. అణు కర్మాగారాల విషపు చెత్తను పీపాల్లో పెట్టి అక్కడ పాతెయ్యాలని ప్రభుత్వం ఆలోచన. ఆ రాయి నీటిని ఆపుతుందా? తేలాలంటే ఇంకా చాలా ఏళ్లు పడుతుందంది మేడమ్. ఈలోగా చివరి గోడ చెమర్చింది. ఆ మాట బయటికి చెప్పినందుకే ఆమె ఉద్యోగం ఊడింది.

మర్నాడు కాంట్రాక్టరు సిమెంటు మిషను దింపించాడు.

"తనిఖీకి పెద్దలొస్తున్నారు. ఆ గోడ పూసెయ్యండి."

డ్రిల్లర్ గోడకు చెయ్యి ఆనించాడు. అరచెయ్యి తడిసింది. కొండ దిగువన బావినీళ్లు తాగే అక్క, ఆమె చంటిపిల్ల గుర్తొచ్చారు.

"పూయం" అన్నాడు.

"నువ్వు కాకపోతే ఇంకోడు." కాంట్రాక్టరు నవ్వుతూ లిఫ్టెక్కాడు.

కింద గొడవ రాజుకుంది.

"ఇంటికెళ్లి పిల్లలకేం పెడతావురా, ఈ రాయా?" మేస్త్రీ కసిరాడు.

"ఈ నీళ్లు పట్టమంటావా బాబాయ్?"

"ఎప్పుడో మునిమనవలనాటి గండానికి ఇవాళే కడుపు మాడ్చుకోవాలా?"

"పూర్తిగా చూడనివ్వమనేగా ఆవిడ అడిగింది! తొందర వాళ్లది, చావు మనదీనా?"

మేస్త్రీ విసురుగా వెళ్లి, హోరున తిరుగుతున్న మిషను ఆపేశాడు. ఆ హోరు ఆగగానే అందరికీ వినబడింది, చీకట్లో ఎక్కడో టప్... టప్... మేస్త్రీ మొహం పాలిపోయింది. గోడకు అడ్డంగా చతికిలబడ్డాడు. ఒక్కొక్కరే వచ్చి ఆయన పక్కన కూర్చున్నారు.

పోలీసులు దిగారు.

"నాయకుడెవడ్రా?"

"నేనే" అన్నాడు డ్రిల్లర్.

"వాడి మొహం! నేను" అన్నాడు మేస్త్రీ.

ఇద్దరికీ బేడీలు పడ్డాయి. మిగతావాళ్లను లాఠీలతో లేపారు.

లిఫ్టు పైకొచ్చేసరికి గేటు అవతల దిగువూళ్ల ఆడవాళ్లు కమ్ముకుని ఉన్నారు. ముందు అక్క. "పరీక్ష పూర్తవ్వాలి! అప్పటిదాకా ఒక్క పీపా దిగనిస్తే ఒట్టు!" గొంతు చించుకుంటోంది. ఆమె పక్కనే మేడమ్.

రెండో షిఫ్టువాళ్లు డ్రిల్లర్‌ను చూశారు. అతన్ని దాటుకుని, వట్టి చేతులతో లిఫ్టులోకి నడిచారు.

"పనిముట్లేవి?" కాంట్రాక్టరు కేకేశాడు.

"కూర్చోడానికి పనిముట్లెందుకు?" అన్నారెవరో. లిఫ్టు కిందికి దిగింది.