సుకన్య ట్యూబులో రంగు

ప్రాక్టికల్ పరీక్షల రోజుల్లో నా జోలికి ఎవరూ రారు. స్టాఫ్ రూములో టీ గ్లాసు కూడా నా బల్ల మీద పెట్టేసి చప్పుడు చెయ్యకుండా వెళ్ళిపోతారు. నిజామాబాద్‌లో మా జూనియర్ కాలేజీకి కెమిస్ట్రీ లెక్చరర్ని నేనొక్కదాన్నే. సీసాలు కడిగించడం, ద్రావణాలు కలపడం, పగిలిన ట్యూబులకు సంజాయిషీ చెప్పుకోవడం, అన్నీ నా నెత్తినే. పిల్లలు నన్ను వెనకాల యాసిడ్ మేడం అంటారు. అసలు పేరు ధనలక్ష్మి. ఆ పేరుకు నేనేం తగినదాన్ని కాదని నాకూ తెలుసు.

మొన్న ఫిబ్రవరిలో మాకు బయటి ఎగ్జామినర్‌గా బోధన్ నుంచి మార్కండేయ సార్ వచ్చారు. దారిపొడుగునా చెరుకు ట్రాక్టర్లు అడ్డమై బస్సు ఆలస్యమైందని విసుక్కుంటూనే లోపలికి అడుగుపెట్టారు. ఆయన చాలా కచ్చితమైన మనిషి. పిల్లలు పక్కచూపు చూస్తే చాలు, పేపరు లాక్కుంటారని పేరు. ఆ పేరు విని మా పిల్లలు పొద్దుటి నుంచే నీళ్ళు తాగుతూ కూర్చున్నారు.

పరీక్ష పెద్ద కష్టమైనదేం కాదు. ఒక్కొక్కరికి నంబరు వేసిన ఒక సీసా ఇస్తాం. అందులో ఏముందో పరీక్షలు చేసి చెప్పాలి. అందులో ఒకటి బ్రోమిన్ నీళ్ళ పరీక్ష. బ్రోమిన్ నీళ్ళు లేత తేనె రంగులో ఉంటాయి. సీసాలో ద్రవం కొంచెం ట్యూబులో పోసి, నాలుగు చుక్కలు బ్రోమిన్ నీళ్ళు వేసి, మూసి ఊపాలి. రంగు అలాగే ఉంటే అందులో ద్విబంధం లేదు. రంగు పోతే ఉంది.

ఎందుకు పోతుందో క్లాసులో నేను ఇలా చెబుతాను. ఆల్కీన్ లాంటి పదార్థంలో రెండు కార్బన్లు ఒకదాన్నొకటి రెండు చేతులతో పట్టుకుని ఉంటాయి, అదే ద్విబంధం. బ్రోమిన్ వచ్చేసరికి చెరో చెయ్యి వదిలి దాన్ని పట్టుకుంటాయి. ఉన్నదేదీ ఊడిపోదు, వచ్చింది వచ్చినట్టు కలుస్తుంది. అందుకే సంకలన చర్య అన్నారు. ఇంతవరకు అందరూ రాసుకుంటారు. సుకన్య మాత్రం రాసుకోకుండా లేచి నిలబడి, మంచిగ పట్టుకున్నయి గద, మరి చెయ్యి ఎందుకు ఇడుస్తయి అని అడిగింది. రెండో పట్టు మొదటిదానంత గట్టిది కాదన్నాను. గట్టిది కానప్పుడు మొదలు ఎందుకు పట్టుకున్నయి అంది. గంట కొట్టారు, నేను బతికిపోయాను.

ఆ సుకన్యే ఇప్పుడు చిక్కులో పడింది.

మెండోర అనే ఊరి పిల్ల. పొద్దున్నే బస్సెక్కి వస్తుంది. వాళ్ళకు నాలుగెకరాల పసుపు ఉంది. తల్లి గంగుబాయి సంక్రాంతికి ముందు జారిపడి చెయ్యి విరగ్గొట్టుకుంటే, ఇంట్లో ఆమె పనీ ఈ పిల్ల మీదే పడింది. రెండేళ్ళు చదివించడమే ఎక్కువని వాళ్ళ బాపు నా ముందే అన్నాడు. పాసైతే డిగ్రీలో వేస్తానన్నాడు. తప్పితే పొలానికే అని కూడా అన్నాడు. ఆ మాట అన్నప్పుడు ఆయన ముఖంలో కోపం లేదు. అది చూసి నాకు ఎక్కువ భయమేసింది.

బ్యాచి అయిపోయేసరికి మార్కండేయ సార్ రెండు పేపర్లు పక్కపక్కన పెట్టుకుని నన్ను పిలిచారు. ఒకటి సుకన్యది, ఇంకొకటి ఆమె పక్కన నిలబడిన అంకితది. అంకిత సీసాలో నిజంగానే ద్విబంధం ఉన్న పదార్థం పెట్టాం. సుకన్య సీసాలో ఉన్నది ఉత్త ఆల్కహాలు, దవాఖానల్లో వాడే స్పిరిట్ లాంటిది. అందులో ద్విబంధం లేదు. కానీ ఇద్దరూ ఒకే మాట రాశారు: బ్రోమిన్ రంగు పోయింది, కాబట్టి ద్విబంధం ఉంది.

సుకన్య మిగతా పరీక్షలన్నీ సరిగ్గా చేసింది, ఆల్కహాలు అని కూడా గుర్తుపట్టింది. ఆ ఒక్క వాక్యమే తప్పు. సరిగ్గా ఆ వాక్యమే అక్షరం పొల్లు పోకుండా అంకిత పేపర్లో ఉంది. ఉండక ఏం చేస్తుంది, క్లాసులో అందరికీ రాయించింది నేనే. ఆ సంగతి చెప్పాను. ఆయన వినలేదు. ఇది కాపీ అని, కేసు రాస్తానని అన్నారు. కేసు రాస్తే ఈ ఒక్క మార్కు కాదు, ఏడాదే పోతుంది.

నేను సుకన్యను వరండాలోకి తీసుకుపోయాను. నాకు వచ్చిన ఉపాయం ఒక్కటే. పొరపాటున రాశానని ఒప్పుకుని, ఆ వాక్యం కొట్టేసి, రంగు పోలేదని రాయమన్నాను. సార్‌ను నేను బతిమాలుకుంటానన్నాను. మంచి మాటగా చెప్పాను, తర్వాత గట్టిగా చెప్పాను. పిల్ల కదల్లేదు.

"రంగు పోయింది మేడం. అంకిత దిక్కు నేను మెడ గూడ తిప్పలే. సూసింది కొట్టేస్తే, గప్పుడు నేను అబద్ధం రాసినట్టు గాదా?"

నాకు ఒళ్ళు మండిపోయింది. ఏడాది పోతుందే మొద్దూ అనేశాను. స్పిరిట్‌లో బ్రోమిన్ రంగు పోదు, పుస్తకంలో ఉంది, ఇన్నేళ్ళుగా నేనే చేసి చూపిస్తున్నాను. తల వంచుకుని అన్నీ వింది. అన్నీ విన్నాక, ఇంకొక్కసారి చేసి చూపిస్తానంది. అబద్ధమాడే పిల్ల మళ్ళీ చేస్తానని ఎందుకు అడుగుతుంది? అప్పుడు మొదటిసారి నా కోపం పక్కకు జరిగి, అసలు ఏం జరిగి ఉంటుందా అనిపించింది.

మార్కండేయ సార్ ఒప్పుకోవడానికి కొంచెం సేపు పట్టింది. చివరికి మిగతా పిల్లలందరినీ పంపించేసి, సుకన్యను కిటికీ దగ్గర ఒంటరిగా నిలబెట్టారు. కొత్త ట్యూబు ఆయనే కడిగి ఇచ్చారు. సుకన్య తన సీసాలోంచి స్పిరిట్ పోసింది. నాలుగు చుక్కలు బ్రోమిన్ నీళ్ళు వేసింది. బొటనవేలితో మూసి ఊపింది. మా దగ్గర రబ్బరు బిరడాలు ఉన్నవే తక్కువ, ఉన్నవాటిలో సగం పగుళ్ళు. వద్దని ఎంత అరిచినా పిల్లలు వేలితోనే మూస్తారు.

ట్యూబులో తేనె రంగు మెల్లగా పలచబడి, చూస్తుండగానే లేకుండా పోయింది.

సార్ ముఖం చూడాల్సింది. ట్యూబు లాక్కుని వెలుతురుకు పెట్టి చూశారు. అదే సీసా, అదే బ్రోమిన్, ఇంకో ట్యూబు తీసుకుని ఆయనే చేశారు. ఆయనకు దొరికిన ఒక్క మంచి బిరడా పెట్టి ఊపారు. రంగు ఎక్కడిదక్కడే ఉంది. మళ్ళీ సుకన్యను చెయ్యమన్నారు. మళ్ళీ పోయింది. కొంగులో ఏదైనా దాచిందేమోనని నన్ను చూడమన్నారు. పిల్ల యూనిఫాంలో ఉంది, కొంగెక్కడిది? ఆ మాటే అన్నాను. ఆయన కొంచెం సిగ్గుపడ్డారు.

"చేతులు సూపెట్టు" అన్నారు.

సుకన్య చేతులు ముందుకు చాపింది. రెండు అరచేతులూ పచ్చగా ఉన్నాయి. ఉడికించి ఎండబెట్టిన పసుపు కొమ్ములను డ్రమ్ములో వేసి తిప్పుతూ పాలిష్ పడతారు. వారం నుంచి కాలేజీకి వచ్చే ముందూ, పోయాకా ఆ పిల్ల చేస్తున్నది అదే పని. సబ్బు ఎన్నిసార్లు పెట్టినా ఆ పచ్చదనం పోదు. మా అమ్మ బీడీలు చుట్టి నన్ను చదివించింది, ఆమె వేళ్ళకు పట్టిన పొగాకు వాసన కూడా పండగ రోజు తలంటుకున్నా పోయేది కాదు. అంత తెలిసినదాన్ని పొద్దుటి నుంచి ఈ చేతులు చూసి కూడా చూడలేదు.

కుడిచేతి బొటనవేలి మీద మాత్రం పసుపు లేదు. వేలంతా కాదు, మధ్యలో గుండ్రంగా, సరిగ్గా ట్యూబు మూతి అంత మేర తెల్లగా ఉంది. చుట్టూ పచ్చగానే ఉంది.

ముగ్గురం ఆ వేలి మీదికి వంగాం. సుకన్యే ముందుగా తన వేలిని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి, పసుపు నీళ్ళకు పోదు గానీ స్పిరిట్‌కు పోతుందేమో అంది. ఆ మాటతో నాకు వెలిగింది. పసుపుకు రంగునిచ్చే పదార్థంలో ద్విబంధాలు వరుసగా ఉంటాయి. పాఠంలో లేదు కాబట్టి క్లాసులో ఎప్పుడూ చెప్పలేదు. స్పిరిట్ ఊపినప్పుడల్లా వేలి మీది పసుపును కరిగించుకుంది, బ్రోమిన్ పోయి ఆ పసుపును పట్టుకుంది. ఇక అక్కడ తేనె రంగూ లేదు, పసుపు రంగూ లేదు. డిసెంబరులో ప్రాక్టీసు చేసినప్పుడు ఈ పిల్ల ఫలితం సరిగ్గానే వచ్చింది. అప్పటికి వాళ్ళ పసుపు ఇంకా భూమిలోనే ఉంది.

అనుకుంటే సరిపోదుగా, చూడాలి. మార్కండేయ సార్ తొందరపెట్టడం మొదలుపెట్టారు. సుకన్య ఎడమచేతి వేలిని కొంచెం స్పిరిట్‌తో కడిగి ఆ నీళ్ళు ట్యూబులో పట్టారు. లేత పచ్చగా ఉన్నాయి. ఆయనే బ్రోమిన్ నీళ్ళు వేసి, బిరడా పెట్టి ఊపారు. బ్రోమిన్ రంగు పోయింది. తర్వాత కుడిచేతికి ప్లాస్టిక్ కవరు కట్టి సుకన్యతో ఉత్త స్పిరిట్‌కు చేయించారు. రంగు పోలేదు. ఆ కవరు ఆయన టిఫిన్ బాక్సుకు చుట్టుకొచ్చింది. పూరీల వాసన వస్తోంది. బోధన్ నుంచి విసుక్కుంటూ వచ్చిన మనిషి అప్పటికి టీ కూడా మర్చిపోయారు. బ్రోమిన్ తగిలిన చెయ్యి అని సుకన్యను పంపు కింద చాలాసేపు కడుక్కోమని నేను కసిరాను. నా సంతోషం అలాగే బయటికి వస్తుంది, ఏం చెయ్యను.

కాపీ కేసు సంగతి మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. సార్ కుర్చీలో కూర్చుని సుకన్య పేపరు ముందుకు లాక్కున్నారు.

"పసుపుకు డబుల్ బాండ్ గాకుండ బ్రోమిన్ పట్టే జాగలు ఇంకా ఉన్నయి, అది వేరే ముచ్చట. నీ ట్యూబుల ఉన్నదానికి డబుల్ బాండ్ ఉన్న మాట మాత్రం నిజం. నువ్వు రాసింది తప్పు గాదు. మార్కు ఏస్తున్న."

ఎర్ర పెన్ను తీశారు. నేను ఊపిరి పీల్చుకున్నాను. సుకన్య తడి చేతులు యూనిఫాంకే తుడుచుకుని, పేపరు ఒక్కసారి ఇమ్మని అడిగింది. తన నీలం పెన్నుతో ఆ వాక్యం మీద అడ్డంగా ఒక గీత కొట్టింది. కింద రాసింది: వేలి పసుపు తగలకుండా చేస్తే రంగు పోలేదు, కాబట్టి సీసాలో ఉన్నదానికి ద్విబంధం లేదు.

ఎందుకు కొట్టేశావని అడిగారు సార్.

"సీసల ఏముందని గద సార్ మీరు అడిగింది. నా ఏలికి ఏముందని కాదు."

వరండాలో నేను ఎంత బతిమాలినా, ఎంత తిట్టినా కొట్టెయ్యని పిల్ల. సీసాలు సర్దుతున్నట్టు అటు తిరిగాను.

సార్ మార్కు వేశారు, సంతకం పెట్టారు, ఇక పొమ్మన్నారు. సుకన్య సంచీ భుజానికేసుకుని గుమ్మం దాకా పోయి, అక్కడే నిలబడిపోయింది. ఏమిటని అడిగితే వెనక్కి వచ్చింది. తాము కొమ్ములను ఉడికిస్తామని, ఉడికించని పచ్చి కొమ్ము కూడా బ్రోమిన్‌ను ఇంతే పట్టుకుంటుందా, ఉడికాక ఏమైనా మారుతుందా అని అడిగింది. నేను జవాబు కోసం సార్ వైపు చూశాను. ఆయన నా వైపు చూశారు. మాకిద్దరికీ తెలియదు.

"రేపు గూడ నేను ఈడనే ఉంట" అన్నారు మార్కండేయ సార్. "ఇంటికాడికెళ్ళి పచ్చి కొమ్ము ఒకటి, ఉడికింది ఒకటి పట్కరా. బిరడాలు నేను తెస్త. నువ్వే చెయ్యి బిడ్డా. నువ్వు ఏం సూసిన అంటే గదే నమ్ముత."