వాడు రానీ, తింటా

మోహన్ పోయిన ఏడాదికి అతని తల్లి నారాయణమ్మ అతనికి మళ్ళీ క్యారియర్ కట్టడం మొదలుపెట్టింది.

నేసిన పట్టుచీరలు బెంగళూరులో ఇచ్చి మోటారు సైకిల్ మీద ధర్మవరం తిరిగి వస్తూ, హైవే మీద లారీ గుద్ది చనిపోయాడు మోహన్. దినాలు అయిపోగానే అతని భార్య వాణి అతను నేసే మగ్గం గుంతలోకి కాళ్ళు దించి నేతకు కూర్చుంది. అత్త సంగతి చూసే తీరిక ఆమెకు లేకపోయింది. నారాయణమ్మ పొయ్యి దగ్గరికి పోవడం తగ్గించింది. పొద్దున టీలో బన్ను, సాయంత్రం టీలో బన్ను. ఆకలి లేదనేది. మెల్లగా ఇరుగుపొరుగు పేర్లు మరిచింది, వారం ఏదో మరిచింది. చివరికి కొడుకు చావును కూడా మరిచిపోయింది.

మధ్యాహ్నం కాగానే అన్నం కట్టుకుని, మోహన్ ఎప్పుడూ పోయే చీరల అంగడికి పోయి, "మావోడు యాడున్నాడప్పా?" అని అడిగేది. అంగడాయన కుర్చీ వేసేవాడు. సాయంత్రం దాకా కూర్చుని ఇంటికొచ్చేది. ఆ అన్నం తాను ముట్టేది కాదు. "వాడు రానీ, తింటా," అనేది.

ఒకరోజు రైలు పట్టాల పక్కన దొరికిందామె. ఆ రోజే వాణి పెనుకొండకు ఫోన్ చేసింది.

"చిన్నత్తా, నాకు చేతగాలేదు. నేను మగ్గం మీదుంటే ఆమె రోడ్డు మీద ఉంటాది. నువ్వొచ్చి ఏదన్నా చెయ్యి."

నారాయణమ్మ చెల్లెలు గంగాదేవి మరుసటి పొద్దున రైలెక్కింది. మోహన్ శవాన్ని ఇంటికి తెచ్చిన రోజు అందరూ గుండెలు బాదుకుంటుంటే, నీళ్ళు కాచింది, వచ్చినవాళ్ళకు చాపలు పరిచింది ఆమే. చిన్నమ్మా అంటూ ఒడిలో పెరిగిన పిల్లవాడు. అయినా ఏడుపు రాలేదు. తర్వాత వస్తుందిలే అనుకుంది. రాలేదు. ఇప్పుడు రైలు కిటికీ పక్కన కూర్చున్నా, అక్క కోసం దిగులు పడాలని తెలుస్తోంది తప్ప దిగులు పుట్టలేదు.

అక్కను హిందూపురం తీసుకుపోయి డాక్టర్ సుధకు చూపించింది. రక్తం పరీక్ష కాగితాలు వచ్చాక ఆ డాక్టరమ్మ అడిగింది.

"ఈమె ఏం తింటోందమ్మా?"

"టీ, బన్ను."

"ఎన్నాళ్ళుగా?"

"కొడుకు పోయినప్పటినుంచి."

డాక్టరమ్మ నారాయణమ్మ చెయ్యి పట్టుకుని చూసింది. ఎముకల మీద తోలు కప్పినట్టుంది.

"బి12 బాగా పడిపోయింది, సూదులు రాస్తాను. రక్తమూ తక్కువే. ఇది మతిమరుపు జబ్బేనా అని ఇప్పుడే చెప్పలేను. ఈ వయసులో తిండి సరిగ్గా లేకపోతే మతి కూడా దెబ్బతింటుంది. ఆకుకూరలు, పప్పులు, పాలు, పెరుగు, తింటే గుడ్డు. వేళకు, ఒకరు పక్కన కూర్చుని పెట్టాలి. కొంత తిరిగి రావచ్చు. అంతా వస్తుందని మాటివ్వలేను."

"కొంతొచ్చినా చాలు," అంది గంగాదేవి.

అక్కను పెనుకొండలో తన ఇంట్లోనే ఉంచుకుంది. మొదటి పూట రాగిసంగటి, తోటకూర పప్పు పెడితే నారాయణమ్మ పళ్ళెం పక్కకు నెట్టేసింది.

"మోహన్ రానీ, తింటా."

"వాడు తినేసి పోయినాడక్కా. పనుందంట," అంది గంగాదేవి.

"తిన్నాడా? కడుపునిండా తిన్నాడా?"

"ఊ. నువ్వు తిను."

నారాయణమ్మ సంగటి ముద్ద తుంచింది. అప్పటినుంచి గంగాదేవి పూటపూటా అదే అబద్ధం చెప్పింది. మొదట్లో తన గొంతు వణుకుతుందేమోనని భయపడింది. ఏమీ వణకలేదు. కూరలో ఉప్పు వేసినంత మామూలుగా చెప్పేది. కిరాణా అంగడి నడిపే భర్త తిమ్మరాజు ఒకసారి, "అట్లెట్ల చెప్తావే?" అని అడిగితే, "చెప్పకుంటే తినదు," అంది.

ఒక పూట కొర్రన్నం, ఒక పూట ఉలవచారు, చెనక్కాయలు నూరిన ఊరుబిండి పచ్చడి. పొద్దున పాలు, గుడ్డు. సూదులు వేయించింది. సాయంత్రాలు ఇంటి ముందు నడిపించింది. చలికాలం వచ్చి అనపకాయలు బజారులో దిగాయి. అక్కచెల్లెళ్ళు వాకిట్లో కూర్చుని గింజలు ఒలుస్తుంటే, ఒకరోజు నారాయణమ్మ రోడ్డు మీద పోతున్న పాలాయనను పేరు పెట్టి పిలిచింది. మరో వారానికి తిమ్మరాజుతో, "ఏమప్పా, అంగడి ఇంకా తెరవలేదా?" అంది. తిమ్మరాజుకు కళ్ళు చెమర్చాయి. గంగాదేవి గింజలు చేటలో పోసి లోపలికి పోయింది.

సంక్రాంతి దాటిన కొన్నాళ్ళకు, ఒక పొద్దున గుడ్డు పెంకు తీసి ఇస్తుంటే నారాయణమ్మ చెయ్యి చాపలేదు. చెల్లెలి మొహంలోకి చూసింది.

"మోహన్ సచ్చిపోయినాడు కదా మే?"

గంగాదేవి గుడ్డు పళ్ళెంలో పెట్టింది. "ఊ," అంది.

"లారీ గుద్దింది."

"ఊ."

"మరి దినామూ తినేసి పోయినాడని చెప్పినావే నాకు."

నారాయణమ్మ గోడకు ఆనుకుని, నోరు తెరిచి, చాలాసేపు శబ్దం లేకుండా ఏడ్చింది. తర్వాత శబ్దంతో ఏడ్చింది. ఆ రోజూ మరుసటి రోజూ ఏమీ తినలేదు. "నన్ను అట్లే వదిలేసింటే అయిపోయిండు. ఎందుకు పెట్టినావు నాకు కూడు?" అని ఒకటే మాట.

గంగాదేవి హిందూపురానికి ఫోన్ చేసింది. డాక్టరమ్మ అంతా విని, "మతి తిరిగొచ్చింది కాబట్టే ఏడుస్తోంది. ఏడవనివ్వండి. ఒంటరిగా మాత్రం వదలొద్దు, తిండి ఆపొద్దు," అంది. ఫోన్ పెట్టేశాక గంగాదేవి మెట్టు మీద కూర్చుంది. నేనే ముద్ద ముద్దగా ఆమె కొడుకును మళ్ళీ చంపి పెట్టానా అనుకుంది. ఆ ఆలోచన వచ్చింది, పోయింది. లోపల ఎక్కడా తగల్లేదు.

ఆదివారం వాణి వచ్చింది. నారాయణమ్మ కోడలిని గడప దగ్గరే ఆపి మొహం తడిమింది.

"ఏమ్మే ఇంత చిక్కిపోయినావు? తింటాండావా?"

"మగ్గం దిగేకి పొద్దు యాడుండాదత్తా. టీ తాగుతాండా."

నారాయణమ్మ కోడలిని చాప మీద కూర్చోబెట్టింది. వంటింట్లోకి పోయి, సంగటి ముద్దలో పప్పు పోసి తెచ్చి కోడలి నోటికి అందించింది. వాణి నమలలేక నమలుతూ ఏడ్చింది. రెండో ముద్ద నారాయణమ్మ తాను తింది. గంగాదేవి వాకిలి దగ్గర నిలబడి చూసింది. తానూ వెళ్ళి వాళ్ళ పక్కన కూర్చోవాలనుకుంది. చివరికి చెంబు తీసుకుని నీళ్ళకు పోయింది.

సాయంత్రం రైలుకు అత్తాకోడళ్ళు ధర్మవరం పోయారు. నారాయణమ్మకు అంతా తిరిగి రాలేదు. ఇప్పటికీ పొయ్యి ఆర్పడం మరిచిపోతుందట, నిన్న చెప్పిందే మళ్ళీ చెబుతుందట. కానీ వేళకు వండి, కోడలిని మగ్గం మీదనుంచి లేపి, ఇద్దరూ కలిసి తింటున్నారట. మధ్యలో ఎప్పుడో ఏడుస్తుందట, ఏడ్చి మళ్ళీ తింటుందట.

వారం తర్వాత నారాయణమ్మే ఫోన్ చేసింది.

"గంగా, తిన్నావా?"

"తిన్నా."

"ఏం తిన్నావు?"

గంగాదేవి కాసేపు ఆలోచించాల్సి వచ్చింది.

"అలసందలు," అంది. "ఉప్పు తక్కువయిందంట. మీ మరిది చెప్పినాడు."

నీకు ఉప్పు కూడా తెలీలేదా అంటూ అటు వైపు నారాయణమ్మ మాట అందుకుంది.

"నువ్వు రేపొచ్చి ఈడుండు మే కొన్నాళ్ళు," అంది. "నేను పెడతా."

"చూస్తాలే అక్కా," అంది గంగాదేవి. మర్నాడు పొద్దున బట్టలు సంచిలో సర్దుకుంది.