ఈరము అంటే

పంతులమ్మగా పనిచేసే ఆడపడుచు నిఘంటువులోంచి ఎవరికీ తెలియని మాట ఒకటి వెతికి తీసింది. "ఈరము. నమ్మేలా ఒక దొంగ అర్థం రాయండి," అని తలా ఒక చీటీ ఇచ్చింది. కోడలు ఎనిమిదో తరగతితోనే బడి మానేసింది. ఒళ్లో పసిదాన్ని జోకొడుతూ అందరికంటే ఆఖరున ఏదో గీకి ఇచ్చింది.

ఆడపడుచు అసలు అర్థాన్నీ కలిపి అన్నీ చదివింది. మేక మెడలో గంట. పొద. అరిగిన చెప్పు. తడి కట్టెల పొగ. ఇంటినిండా మనుషులుండీ మాట్లాడేందుకు ఒక్కరూ లేకపోవడం.

"ఆఖరిదే అసలుది. అలాంటిది ఎవరూ కల్పించలేరు," అన్నారు మామగారు. మరిదీ తలూపాడు.

భర్త నవ్వాడు. "పొదే నాన్నా. ఇంటినిండా మనుషులుంటే మాటలకు కరువేంటి? ఎవరో ఏమీ తోచక రాశారు."

"పొదేరా, గెలిచావు. మరి వీళ్లిద్దర్నీ బోల్తా కొట్టించిన గడుసు ఎవరు?" అంది ఆడపడుచు.

మామగారు మరిది వైపు చూశారు. మరిది అన్న వైపు చూశాడు. కోడలి వైపు ఎవరూ చూడలేదు.

ఆమె "పాలకు ఏడుస్తోంది," అని, నిద్రపోతున్న పిల్లను ఎత్తుకుని గదిలోకి వెళ్లింది.