ఇనుపదే

లుమీర్ కుబీచెక్ ఇంజిన్ మీదకు వంగి, అతుక్కుపోయిన పాత గాస్కెట్ అట్ట ముక్కల్ని పల్చటి రేకు బద్దతో గీకుతున్నాడు. గీకడానికి ముందే సిలిండర్లలోకి గాలి వెళ్ళే దారులన్నిటిలో గుడ్డపీలికలు కుక్కాడు. పీలికలన్నీ ఒకే దారానికి ముడివేసి ఉంటాయి. దారం లాగితే అన్నీ వరసగా బయటికి రావాలి. ఒక్కటి లోపల మరిచినా ఇంజిన్ చచ్చినట్టే. ఆ చుట్టుపక్కల మిగతా మెకానిక్కులు పీలికల్ని విడివిడిగా కుక్కేవారు. వాళ్ళకు తమ జ్ఞాపకం మీద నమ్మకం. లుమీర్‌కు దారం మీద.

పొట్టి మనిషి. మెడ ఎండకు కందిపోయి, ముడతల్లో నల్లటి గ్రీజు శాశ్వతంగా ఇంకిపోయింది. కుడిచేతి చూపుడువేలి గోరును ఎప్పుడో ఒక ఫ్యాన్ బెల్టు తీసుకుపోయింది. అది మళ్ళీ సరిగా మొలవలేదు. అమెరికాలో నెబ్రాస్కా గోధుమ పొలాల మధ్య ఆ రేకుల షెడ్డులోకి రాని ట్రాక్టరు లేదు. షెడ్డుకు మాత్రం బోర్డు లేదు.

ముందున్న ఇంజిన్ ఊళ్ళో మంటలార్పే నీళ్ళ లారీది. పోయిన వేసవిలో నిండు ట్యాంకుతో శ్మశానం కొండ ఎక్కలేక అది సగంలో ఆగిపోయింది. సగం నీళ్ళు రోడ్డు మీద వదిలేసి పైకి చేరేసరికి హ్రూష్కా వాళ్ళ కొట్టం దూడలతో సహా బూడిదైపోయింది. ఆ చలికాలం నుంచి లుమీర్ దాని ఒక్కో ఎముకా విప్పి, మార్చి, మళ్ళీ బిగిస్తూ వచ్చాడు. ఇక మిగిలింది మ్యానిఫోల్డ్ ఒక్కటే. కార్బురేటర్ కింద కూర్చుని సిలిండర్లన్నిటికీ గాలీ పెట్రోలూ పంచే దిమ్మ అది.

కర్ట్ లోపలికొచ్చి, తళతళలాడే అల్యూమినియం మ్యానిఫోల్డ్‌ను బల్ల మీద పెట్టాడు. ఊరి మంటలార్పే దళానికి అతనే నాయకుడు.

"పందెం కారుది మామా. మా బావమరిది ఊరికే ఇచ్చాడు. ఊరి పెరేడ్‌లో బానెట్ ఎత్తి చూపిస్తే కళ్ళు జిగేలుమంటాయి."

"పందేనికి పోతున్నావా, మంటార్పడానికి పోతున్నావా?"

"మంట దగ్గరికి తొందరగా పోతే తప్పా?"

"ఒరే, నీ నీళ్ళగొట్టం మూతి సన్నగా ఎందుకుంటుంది?"

"నీళ్ళు ఉరకాలని."

"గాలీ అంతే. దీని పొట్ట చూడు, పెళ్ళి భోజనం చేసినవాడిలా. ఇంజిన్ నిదానంగా తిరిగితే గాలి ఇందులో కునుకు తీస్తుంది. నిండు లారీ కొండెక్కేది పరుగున కాదురా, నడకన."

కర్ట్ మూలనున్న పాత ఇనుప మ్యానిఫోల్డ్‌ను బూటుతో తట్టాడు. అది కదల్లేదు. "మరి దీన్నెవరు ఎత్తుతారు? నీ గుండె జబ్బు సంగతి అత్త ఊరంతా చాటింది. నేనో చెయ్యి వేద్దామంటే కోతలు మొదలయ్యాయి. ఆదివారం దాకా ఆగు."

"ఆదివారం దాకా నిప్పు ఆగుతుందా?"

కర్ట్ బయటికి చూశాడు. కోసిన పొలాల్లో మోళ్ళు ఎండి గలగలలాడుతున్నాయి. టోపీ సర్దుకుని వెళ్ళిపోయాడు.

అతను వెళ్ళాక లుమీర్ అల్యూమినియందాన్ని ఎత్తి చూశాడు. ఒంటిచేత్తోనే లేచింది. అందంగానే ఉంది. ఇది వేస్తే ఎవరినీ సాయం అడగక్కర్లేదు. బతుకంతా ఆయన ఎవరినీ అవతలి కొస పట్టమనలేదు. కాసేపు దాన్ని పట్టుకుని నిలబడ్డాడు. తర్వాత బల్ల కింద పెట్టేశాడు.

మధ్యాహ్నం భార్య అల్బీనా గసగసాల కొలాచీ రొట్టెలు తెచ్చేసరికి ఆయన ఇనుపదాని పక్కన మోకాళ్ళ మీద ఉన్నాడు.

"ఎత్తావంటే చస్తావు," అంది.

"ఎత్తకపోతే చావనా?"

"మొండిఘటం. ఆ గొలుసు కప్పీ ఎందుకుంది?"

"వేలాడదీస్తే ఊగుతుంది. ఊగితే పూసిన సీలెంట్ జిగురు చెదురుతుంది, నూనె కారుతుంది. నిటారుగా దించాలి." చేతులు గుడ్డకు తుడుచుకున్నాడు. "అవతలి కొస పట్టు, అల్బీనా."

ఆమె ఆయన ముఖంలోకి చూసింది. పెళ్ళైనప్పటి నుంచి ఆ షెడ్డులో ఒక్క స్పానర్ కూడా అందించమనలేదు ఆయన.

"నా నడుం సంగతో?"

"పిండి పిసికిన చేతులు. చాలు."

"మెచ్చుకోడానికి ఇన్నేళ్ళు పట్టిందా నీకు!"

"ముందు దారం లాగు."

పిండి అంటిన చేతులతోనే లాగింది. పీలికలు కోడిపిల్లల్లా ఒకదాని వెనక ఒకటి బయటికి వచ్చాయి.

"అయ్యో, నా చెర్రీపళ్ళ బొమ్మల ఏప్రన్! పోయిందనుకున్నా."

"పోలేదు. పనిలో ఉంది."

ఆయన సీలెంట్ పూశాడు. చెరో కొసా పట్టారు. ఆయన పెదవులు నీలంగా మారాయి, ఆమె మెడ నరాలు తేలాయి. ఇనుము నిటారుగా దిగి, ఇంజిన్ మీద అటూ ఇటూ జరగకుండా కూర్చుంది. మధ్యలోంచి అంచులకు ఒక్కో బోల్టే బిగిస్తూ పోయాడు.

"రేపటికి ఆరుతుంది. కార్బురేటర్ కర్ట్ పెట్టుకుంటాడు," అన్నాడు. గుమ్మం దగ్గర బకెట్టు బోర్లించుకుని, కోసిన గోధుమ వాసన వచ్చేవైపు తిరిగి కూర్చున్నాడు.

అల్బీనా చేతులు కడుక్కుని కాఫీ తెచ్చింది. కొలాచీ సగం కొరికి ఉంది. గసగసాలు మోకాలి మీద రాలి ఉన్నాయి. గోడకు ఆనుకున్న తల ఆమె పిలుపుకు తిరగలేదు. ఆమె కాఫీ కింద పెట్టి, ఆ గోరు పోయిన వేలిని తన చేతిలోకి తీసుకుంది.

ఆ ఊళ్ళో దళంవాళ్ళు పోతే శవపెట్టెను నీళ్ళ లారీ మీదే శ్మశానం కొండకు తీసుకెళతారు. లుమీర్ దళంలో లేడు. అయినా కర్ట్ ఎవరినీ అడగలేదు. అల్బీనాను మాత్రం ఒకటడిగాడు.

"ట్యాంకు ఖాళీ చేస్తానత్తా. కొండ మధ్యలో ఆగిందంటే, అందరిముందూ..."

"నిండా పట్టు."

"అత్తా..."

"అంచుదాకా పట్టరా. ఆయన దాన్ని ఖాళీ ట్యాంకు కోసం చెయ్యలేదు."

నిండు లారీ మనుషుల నడకతో సమంగా కొండ ఎక్కింది. కర్ట్ ఎక్కడా గేరు మార్చలేదు. వెనక నడిచేవాళ్ళు మొదలుపెట్టిన ప్రార్థన మధ్యలో ఆపి, ఇంజిన్ చప్పుడు విన్నారు. అది ఎక్కడా తడబడలేదు. హ్రూష్కా ముసలాయన టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

సాయంత్రం కర్ట్ తన అల్యూమినియంది తీసుకుపోయాక అల్బీనా షెడ్డు దీపం ఆర్పింది. గుమ్మంలోంచి పడే వెలుగులో మేకుకు పీలికల దారం వేలాడుతోంది; నూనె మరకల మధ్య, పిండి వేలిముద్రల కింద, చెర్రీపళ్ళు ఇంకా ఎర్రగానే ఉన్నాయి.