జానెడు అంబాసిడర్

పాలపిండి డబ్బా రేకు కత్తిరించి చేసిన బంపరును బుజ్జిబాబు బొమ్మకారు ముక్కు కింద ఆనించి ఊపిరి బిగబట్టాడు. జిగురు పట్టేదాకా వేలు కదపకూడదు. వేలు అక్కడే ఉంచి, కిటికీ అవతల మథురాకాటి పేట కుళాయి దగ్గర బిందెల తగాదా వింటూ కూర్చున్నాడు. అరవై దాటిన మనిషి. బండ వేళ్లు, గోళ్ల సందుల్లో ఎన్ని సబ్బులకూ లొంగని పుట్టీ. గ్లాసు పట్టుకుంటే టీ తొణికే చెయ్యి, రేకు పట్టుకుంటే మాత్రం రాయిలా నిలబడిపోతుంది. ఆ వింత ఆయన భార్య పైడితల్లికి నలభై ఏళ్లయినా అర్థం కాలేదు.

బంపరు పట్టింది. చెయ్యి తీసి వెనక్కి జరిగి చూసుకున్నాడు. తెల్లటి అంబాసిడర్, జానెడు పొడవు. హెడ్‌లైట్ల అద్దాలు తన బీపీ మాత్రల పట్టీలోని బుడగలు. టైర్లు అరిగిపోయిన హవాయి చెప్పువి. లోపల సీటు మీద పైడితల్లి పాత జాకెట్టు గుడ్డ. తలుపులు నాలుగూ తెరుచుకుంటాయి, స్టీరింగు తిప్పితే ముందు చక్రాలు తిరుగుతాయి.

"అమ్మా, ఎంత ముద్దుగున్నాదో!" అంది టీ తెచ్చిన పైడితల్లి. "దీన్నయినా కొట్టకండి. మీకు పున్నెముంటాది."

ఆవిడ బతిమాలడానికి కారణం గోడనిండా ఉంది. మూడు చెక్క అరల్లో కార్లు, ఒక్కటీ సవ్యంగా లేదు. లారీ కింద దూరిన మారుతీ వ్యాను, తుపానుకు చెట్టు పడి నడుము విరిగిన ఫియట్, కాలిపోయి ఊచలు మిగిలిన జీపు, ఏటి బురదలోంచి తీసిన చిన్న కారు. దాని సీట్లకు పట్టిన బురద కూడా ఆ ఏటిదే. పగిలిన అద్దం ఎలా సాలెగూడులా చీలుతుందో అలాగే చీలి ఉంటుంది. తుప్పు రంగు కాదు, నిజం తుప్పు. ఇనుప సామాన్లవాడి దగ్గర గీకి తెచ్చి జిగురుతో ఎక్కించింది. ఇంటికి వచ్చినవాళ్లు మొదట నవ్వుతారు. దగ్గరికి వెళ్లి చూశాక నవ్వు ఆగిపోతుంది. వంగి, చేతులు వెనక్కి కట్టుకుని, గుళ్లో నిలబడ్డట్టు నిలబడతారు. పైడితల్లి కూడా దులపడానికి గుడ్డ తీసుకుని వెళ్లి, ఏ కారు దగ్గరో ఆగిపోయి, పొయ్యి మీద కూర మాడబెట్టిన రోజులున్నాయి.

తాత, తండ్రి ఇద్దరూ ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులోనే పనిచేసి పోయారు. బుజ్జిబాబుకు ఆ ఉద్యోగం రాలేదు. "రైలు తప్పినోడు" అని బంధువుల్లో పేరు. పురీ గేటు దగ్గర టోనీ గ్యారేజీలో డెంటింగ్ మిస్త్రీగా చేరి అక్కడే తల నెరిసింది. సొట్ట పడ్డ రేకును లోపలి నుంచి ఇనుప దిమ్మతో ఆనించి, పైనుంచి సుత్తితో తట్టి తట్టి సాపు చేయడం, పుట్టీ పెట్టి రుద్దడం, రంగు కొట్టించడం. దెబ్బ తగిలిందని ఎవరికీ తెలియకపోతేనే పని బాగా చేసినట్టు.

చాలా ఏళ్ల కిందట చౌరంగీ రోడ్డు మీద ముందుభాగం అప్పడమైన కారు ఒకటి వచ్చింది. సీటు కింద నుంచి ఎర్ర గాజుల ముక్కలు తనే ఏరి పారేశాడు. నెలరోజులు కష్టపడి దాన్ని పెళ్లికూతుర్ని చేశాడు. కొత్తగా కొనుక్కున్నవాళ్లు పిల్లాపాపలతో వచ్చి, దండ వేసి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించుకుని, కేరింతలు కొడుతూ వెళ్లిపోయారు. బుజ్జిబాబు తువ్వాలు భుజాన వేసుకుని అక్కడే నిలబడిపోయాడు. ఆ గాజుల చెయ్యి సంగతి ఈ ఊళ్లో ఇక తనకు తప్ప ఎవరికీ తెలియదనిపించింది. ఆ వారమే డబ్బా రేకుతో ఆ కారునే, దెబ్బలతో సహా, తన మొదటి బొమ్మగా చేశాడు.

చేసే పద్ధతి మాత్రం విచిత్రం. ముందు కారును షోరూంలోంచి వచ్చినట్టు కొత్తగా చేస్తాడు. బొట్టు పెట్టి, టీవీ మీద కొన్నాళ్లు ఉంచుతాడు. దానికీ కొన్ని మంచి రోజులు ఉండాలి కదా అంటాడు. ఆ తర్వాతే సైకిలు బేరింగు గుండు, చువ్వ కలిపి చేసుకున్న బుల్లి సుత్తి తీస్తాడు. పైడితల్లి ఆ పూట పక్కింటికి వెళ్లిపోతుంది.

ఇప్పుడు చేసిన అంబాసిడర్ జాన్ పాల్‌ది. స్టేషన్ దగ్గర టాక్సీ నడిపినవాడు, బుజ్జిబాబుకు చిన్ననాటి స్నేహితుడు. బండి తాల్‌బగీచాలో అతని ఇంటి ముందు ఏళ్ల తరబడి నిలిచిపోయి, అడుగు రేకులోంచి గడ్డి మొలిచి, పిల్లులు ఈనే చోటయింది. జాన్ పాల్ కూడా అలాగే మంచం పట్టాడు. ఇక చేసేదేమీ లేదని డాక్టర్లు ఇంటికి పంపేశారు. కొడుకు సిరిల్ బండిని తుక్కువాళ్లకు బేరం కుదిర్చేశాడు. జాన్ పాల్ పోయేలోగా వాడి బండి వాడి కళ్ల ముందు పెట్టాలి. బుజ్జిబాబుకు ఈ నెలంతా వేరే ధ్యాస లేదు. ఇవాళ రేపట్లో సొట్టలు కొట్టి, తుప్పు ఎక్కించి తీసుకెళ్దామనుకున్నాడు.

కారుకు బొట్టు పెట్టి టీవీ మీద ఉంచి, మర్నాడు ఉదయం గ్యారేజీలో ఒక కారు తలుపు ముందేసుకుని కూర్చున్నాడు. ఎడమ చేత్తో లోపల దిమ్మ, కుడిచేత్తో సుత్తి, కళ్లు రోడ్డు మీద. సొట్టను ఆయన చూసి తీయడు, అరచేత్తో తడిమి తీస్తాడు. తలుపు సగం సాపయ్యేసరికి సిరిల్ వచ్చాడు. మొహం పీక్కుపోయి ఉంది.

"లారీ వొచ్చి బండి ఎత్తుకెల్లిపోనాది బాబాయ్. నాన్న కిటికీ తీయమన్నాడు. తియ్యలేకపోనాను."

"ఎలగున్నాడు?"

"పొద్దున్నించి గుటక దిగట్లేదు. నువ్వు సేసిన బండి అయిపోనాదా?"

"సొట్టలు కొట్టాల."

"వొద్దు బాబాయ్." సిరిల్ సగం సాపయిన తలుపు వైపు చూశాడు. "ఆ తుక్కు మల్లీ ఎందుకు సూపించడం? కొత్తదే సూపించు. కొన్ననాటి బండి సూసుకుని పోనీ."

బుజ్జిబాబు సుత్తి కింద పెట్టాడు. ఆ మాటా నిజమే అనిపించింది. పోయేవాడికి గాయాలు చూపించడమేంటి? పైగా ఆయనకూ లోపల ఒక ఆశ ఉండేది. "నీ బండి ఒక్కసారి నాకు వదిలీరా, అద్దం సేసి ఇత్తాను" అని ఎన్నిసార్లు అడిగినా జాన్ పాల్, బండి నడవడానికి అడ్డం వచ్చే సొట్టలు తప్ప మిగతావి ముట్టుకోనిచ్చేవాడు కాదు. వెనక ఎడమ తలుపు మీద సొట్టయితే మరీను. పిసినారి వెధవ అని స్టాండులో అందరూ ఏడిపించేవారు. ఇన్నాళ్లకు వాడి బండిని కొత్తగా చూపించే అవకాశం వచ్చింది.

ఇంటికి వెళ్లి, టీవీ మీంచి కారు తీసి తువ్వాల్లో చుట్టుకున్నాడు. కొట్టడం లేదని విని పైడితల్లి దండం పెట్టింది. అలవాటు కొద్దీ బుల్లి సుత్తి, వేలెడంత దిమ్మ జేబులో పడ్డాయి. టోటో బ్యాటరీ ఆటో ఎక్కి, గతుకు వచ్చినప్పుడల్లా పసిబిడ్డను ఎత్తినట్టు మూటను పైకెత్తుతూ తాల్‌బగీచా చేరాడు.

ఇంటి ముందు బండి ఉన్న చోట పాలిపోయిన గడ్డి, మధ్యలో నూనె మరక. లోపల జాన్ పాల్ గోడవైపు తిరిగి ఉన్నాడు. ఒకప్పుడు ఒంటిచేత్తో ట్రంకుపెట్టెలు కారు మీదికి ఎత్తిన మనిషి దుప్పటి కింద ఉన్నాడో లేడో తెలియడం లేదు. కోడలు కిరణ్మయి దిండు ఎత్తి ఆనించింది. బుజ్జిబాబు తువ్వాలు విప్పి, కారును పళ్లెంలో పెట్టి అతని ఒడిలో ఉంచాడు.

కిటికీ వెలుగులో కారు తళతళలాడింది. కిరణ్మయి నోటిమీద చెయ్యి పెట్టుకుంది. జాన్ పాల్ చాలాసేపు చూశాడు. తలుపు తీసి వేశాడు.

"బాగున్నాదిరా," అన్నాడు మర్యాదగా. "ఎవుల్దిది?"

బుజ్జిబాబు పళ్లెం కాస్త దగ్గరికి జరిపాడు. "నీదేరా."

"నాది కాదు." జాన్ పాల్ తల తిప్పేసుకున్నాడు. "నా బండికి ఇలాటి మొగం నేదు."

తనెంత తప్పు చేశాడో బుజ్జిబాబుకు అప్పుడు తెలిసింది. ఊళ్లో అందరి బళ్లకూ చేసిన పనే స్నేహితుడి బతుక్కీ చేసి తెచ్చాడు. సాపు చేసేశాడు. సిగ్గేసింది. మంచం మీదికి జరిగి కూర్చుని, జేబులోంచి సుత్తి తీశాడు.

"ఎడం మడ్‌గార్డు, గోల్‌బజార్లో ఆంబోతు," అన్నాడు, ఒక్కటి వేశాడు.

తెల్లటి రంగు పెచ్చులూడి రేకు లోపలికి పోయింది. కిరణ్మయి "అయ్యో" అంది. సిరిల్ పక్క గదిలోంచి పరుగెత్తుకొచ్చాడు.

"ఏటి సేస్తన్నావు బాబాయ్!"

జాన్ పాల్ మొహం వెనక్కి తిరిగింది. కళ్లు చిన్నవి చేసి ఆ సొట్ట చూశాడు. "ఇంకాస్త కిందకిరా," అన్నాడు. "దాని కొమ్ము లైటు పక్కన దిగినాది."

బుజ్జిబాబు కాస్త కిందికి కొట్టాడు. జాన్ పాల్ మూలిగాడో నవ్వాడో తెలియలేదు. "ఆఁ, అదీ."

ఆ తర్వాత జరిగింది సిరిల్ జన్మలో మరిచిపోడు. ఇద్దరు ముసలివాళ్లు, మధ్యలో జానెడు కారు. ఒకడు చెబుతున్నాడు, ఒకడు కొడుతున్నాడు. బానెట్ మీద హిజ్లీలో పడ్డ పనసకాయ. పైకప్పు మీద పెళ్లివాళ్ల డోలు. ముందు బంపరు మీద, బ్రేకు పడక తనే గుద్దేసిన పాస్టరుగారి గోడ. దెబ్బ పడ్డ ప్రతిసారీ జాన్ పాల్ గొంతులో కాస్త జీవం వచ్చింది. పొద్దున్నుంచి గుటక దిగని మనిషి రెండు చెంచాల టీ తాగాడు.

"డిక్కీ మీద ఒకటుండాల," అన్నాడు.

"అది నాను తీసీసినాను గదరా. ఆనవాలు నేకుండా."

"తీసీసినావులే. అయినా తగిలినాది గదా. పెట్టు."

బుజ్జిబాబు చెయ్యి ఆగింది. తను తీసేసిన సొట్టను మళ్లీ పెట్టమన్నవాడు ఇన్నేళ్లలో ఒక్కడు లేడు. డిక్కీ మూలన, తను ఒకప్పుడు నున్నగా చేసిన చోటే, మెల్లగా కొట్టాడు.

చూస్తుండగానే కారు మారిపోయింది. ఒక్కో సొట్టకూ ఒక్కో వయసు వచ్చి మీద వాలినట్టు, కొత్త పెళ్లికొడుకులాంటి బండి కాస్తా స్టేషన్ బయట చింతచెట్టు కింద ఒరిగి నిలబడే జాన్ పాల్ బండి అయిపోయింది. సిరిల్ గబుక్కున కళ్లు తుడుచుకున్నాడు. చిన్నప్పుడు తనను బడికి దింపిన బండి అది. బొమ్మ కొత్తగా ఉన్నప్పుడు వాడికీ గుర్తు రాలేదు.

వెనక ఎడమ తలుపు మిగిలింది. బుజ్జిబాబు సుత్తి అక్కడికి తెచ్చేసరికి జాన్ పాల్ అతని మణికట్టు పట్టుకున్నాడు.

"అది నువ్వు కాదు. అది రత్నం కొట్టినాది."

రత్నం అతని భార్య. పోయి చాలా కాలమైంది. సిరిల్ తలెత్తి చూశాడు.

"పెల్లయిన కొత్తలో దీఘా తీసికెల్తానన్నాను, సముద్రం సూపిత్తానని. ఇంతలో మేదినీపూర్ బేరం తగిలినాది. ఎల్లిపోనాను. తిరిగొచ్చేసరికి పెల్లి సీర కట్టుకుని, సేతిలో క్యారేజీతో గేటు కాడే ఉన్నాది. పొద్దున్నించి ఉన్నాది. ఒక్క మాట అననేదు. ఆ క్యారేజీ ఇసిరి తలుపుకేసి కొట్టినాది. పులిహోరంతా రోడ్డు పాలు." ఊపిరి అందక ఆగాడు. "నాను నవ్వినాను. అదీ నవ్వీసినాది. గిన్నెలో మిగిలింది ఆ సీట్లోనే కూకుని తిన్నాము. దీఘా మరి ఎల్లనేనేదు. ఆ సొట్ట ఎలా తీయించీమంటావురా?"

పిసినారి అని నవ్వినవాళ్లలో బుజ్జిబాబు అందరికంటే ముందుండేవాడు. సుత్తి అతని వేళ్ల మధ్య పెట్టి, తలుపు వెనక దిమ్మ ఆనించాడు. జాన్ పాల్ చెయ్యి గాలిలో వణికింది, పక్కకు వాలింది, మళ్లీ లేచింది. ఒక్కసారి, ఎక్కడ లేని బలంతో, కొట్టాడు.

దెబ్బ పెద్దదైపోయింది. కారుకు తగిన సొట్ట కాదు. బుజ్జిబాబు వేలు అలవాటుగా లోపలి నుంచి నొక్కడానికి వెళ్లి, ఆగిపోయింది.

"ఇదే నా బండి," అన్నాడు జాన్ పాల్. "తుప్పు?"

"రేపొచ్చి ఎక్కిత్తాను."

"అక్కర్నేదులే. అదే పడతాది." కళ్లు మూసుకున్నాడు. "కిటికీలో పెట్టు. రోడ్డు వైపుకి తిప్పి పెట్టు. నాను కాసేపు తొంగుంటాను."

సిరిల్ కిటికీ రెక్కలు రెండూ తెరిచాడు. బుజ్జిబాబు పెరట్లోకి వెళ్లి, చేతులకు అంటిన రంగు పెచ్చులు కడుక్కున్నాడు. కిరణ్మయి మరో గ్లాసు టీ తెచ్చి మంచం పక్కన పెట్టింది. అది చల్లారి మీగడ కట్టింది. సాయంత్రం డ్యూటీ దిగినవాళ్ల సైకిళ్లు వీధిలో గలగలమంటూ పోతున్న వేళ, సిరిల్ తండ్రి చెయ్యి సరిగా పెడదామని పట్టుకుని, అలాగే కూర్చుండిపోయాడు. జాన్ పాల్ ఎప్పుడు వెళ్లిపోయాడో ఎవరికీ తెలియలేదు. కొడుకు పక్కనే బుజ్జిబాబు కూడా కూర్చుని, అడ్డూ ఆపూ లేకుండా ఏడ్చాడు.

చుట్టాలు వచ్చారు, చర్చి నుంచి మనుషులు వచ్చారు. వచ్చినవాళ్లందరూ కిటికీ దగ్గర ఒక నిమిషం ఆగి, "అరె, జాన్ పాల్ బండి," అన్నారు. ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. బుజ్జిబాబు వెళ్లడానికి లేచినప్పుడు సిరిల్ వెంట వచ్చాడు.

"ఆ తలుపు కాడ కొంచెం పెద్దదైపోనాది గదా బాబాయ్. తరవాత సరి సేస్తావా?"

"సెయ్యను," అన్నాడు బుజ్జిబాబు.

కిటికీ గట్టు మీద జానెడు అంబాసిడర్ రోడ్డు వైపు తిరిగి నిలబడి ఉంది, దాని వెనక ఎడమ తలుపు మీద బొటనవేలు పట్టేంత సొట్టతో.