పడమటి నల్గొండ

ముప్పై ఒక్కేళ్ల ఉద్యోగంలో నా డ్రాయింగు పీరియడ్లు నేను చెప్పినవి తక్కువ, లెక్కల సార్లు లాక్కున్నవి ఎక్కువ. బొమ్మలేయడం కూడా ఒక చదువేనా అన్నవాళ్లే వార్షికోత్సవం రాగానే "లక్ష్మీనర్సయ్య సార్, జర బ్యానర్ రాసియ్యండ్రి" అని చుట్టూ తిరిగేవారు. బొమ్మ చక్కగా వేస్తాడన్న పేరు మాత్రం ఎవరూ లాక్కోలేదు. దాన్ని నేనే పోగొట్టుకున్నాను, అదీ రిటైర్మెంటుకు పది నెలల ముందు.

కొత్త రాష్ట్రం వచ్చిన జూన్‌లో బడి గోడ మీద తెలంగాణ పటం వేయమన్నారు హెడ్మాస్టరు. పెద్ద కాగితం మీద గీసి, గీతల వెంట సూదితో బెజ్జాలు పొడిచాను. దాన్ని గోడకు ఆనించి బొగ్గుపొడి మూటతో అద్దితే చుక్కలు పడతాయి. చుక్కలు కలిపితే పటం. ఇంతవరకు బాగానే ఉంది. కానీ నేను మగ్గం ఇంట్లో పుట్టినవాణ్ణి. మా బాపు బుట్టాల చీర బోర్లా నేసేవాడు: మంచి ముఖం కిందికి, వీపు పైకి. నా చేతులు ఆ అలవాటు కొద్దీ కాగితాన్ని ముఖం గోడకేసి పెట్టాయి. నల్గొండ పోయి పడమట కూర్చుంది. మహబూబ్‌నగర్ తూర్పుకు వెళ్లింది. సంబరంలో ఎవరూ గమనించలేదు. ఊరి పెద్దలు కొబ్బరికాయ కూడా కొట్టారు.

తర్వాత సోషల్ పరీక్షలో జిల్లాలు గుర్తించమన్నారు. పదో తరగతి కిటికీకి ఎదురుగానే నా గోడ. నలభై ఒక్క మందీ బుద్ధిగా చూసి దించారు. సోషల్ సారు ఆ ప్రశ్నకు అందరికీ గుండు సున్నా చుట్టి, పేపర్ల కట్ట నా ముందు పెట్టాడు. సరిచేస్తానన్నాను. కొబ్బరికాయ కొట్టినదాన్ని చెరపొద్దన్నారు హెడ్మాస్టరు. ఆ సిగ్గుతోనే రిటైరై నల్గొండకు వచ్చేశాను. తూర్పున ఉన్న నల్గొండకే.

మొన్న ఆ బ్యాచ్‌లోని మానస ఫోన్ చేసింది.

"పదేండ్లాయె సార్. ఆదివారం అందరం బడికాడ కలుస్తున్నం. మీ మ్యాప్ కాడనే మీకు సన్మానం."

నాకు ఒళ్లు మండింది. శాలువా కప్పి, నా తప్పు పక్కనే నన్ను నిలబెట్టి ఫోటో తీస్తారన్నమాట.

"పిల్లలు ప్రేమతోని పిలుస్తున్నరు" అంది మా ఆవిడ ఆండాళు.

"ఎక్కిరిస్తున్నరు."

"పదేండ్ల సంది ఎవలకు లేని ఫికర్ నీకెందుకు? జర ఊకో."

నేను ఊరుకోలేదు. పెట్టెలోంచి ఆ పాత బెజ్జాల కాగితం తీసి, శనివారం పొద్దున్నే రంగు డబ్బాలతో బస్సెక్కాను. కేతేపల్లి దాటాక మా బడి ఉన్న ఊరు. వాచ్‌మన్ ఐలేశం గేటు తీశాడు. పాత పటం మీద తెల్లరంగు వేసి, ఆరాక, కాగితం ముఖం నావైపు తిప్పుకుని, సాయంత్రానికి నల్గొండను తూర్పున కూర్చోబెట్టాను. పది జిల్లాలు ముప్పై మూడయ్యాయని ఐలేశం గుర్తు చేశాడు. ఒక్క తప్పు దిద్దడానికే పదేళ్లు పట్టింది, మిగతావి ఇంకెవరైనా చూసుకుంటారన్నాను.

ఆదివారం ఆండాళును వెంటబెట్టుకుని దర్జాగా వెళ్లాను. ముప్పై నాలుగు మంది వచ్చారు. అందరికీ ఒకే రకం తెల్ల టీషర్టులు. ఛాతీ మీద నా పటం, పడమట నల్గొండ. కింద "పడమటి నల్గొండ బ్యాచ్" అని అచ్చు. ఒక్కరి ముఖంలోనూ నవ్వు లేదు. అందరూ గోడవైపే చూస్తున్నారు.

"మన మ్యాప్ ఎవలు చెరిపిండ్రు సార్?" అంది మానస. "మా అందరికి ఒక్కతీరు మార్కులొచ్చింది గా ఒక్కసారే. ఫస్టొచ్చేటి నాకు సున్ననే, గొర్లెంట పోయే మల్లేశ్‌కు సున్ననే. గా దినం నుంచే మేం దోస్తులమైనం."

"ఐలేశం తాతనే రంగేసి ఉంటడు" అంటూ మల్లేశ్ గేటువైపు కదిలాడు. ఐలేశం నావైపు చూశాడు. ఆండాళు మోచేత్తో నన్ను పొడిచింది.

"ఆయన కాదు, నేనే" అన్నాను. "మీరు నవ్వుతరనుకున్న."

మల్లేశ్ వెనక్కి వచ్చాడు. "నవ్వుతం సార్. పదేండ్ల సంది నవ్వుతనే ఉన్నం. అందుకే గదా మిమ్ముల పిలిచింది."

నాకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు.

కాగితం, బొగ్గుపొడి, రంగులున్న సంచి నిన్న బడిలోనే వదిలి వెళ్లాను. కొత్త పటం పక్కన గోడ ఖాళీగా ఉంది. చదువుకునే పిల్లలకు అది ఉండనీ అనుకుని, ఖాళీ జాగాలో కాగితాన్ని ముఖం గోడకేసి పెట్టాను. ఈసారి తెలిసే పెట్టాను. మానస ఒక మూల, మల్లేశ్ ఒక మూల పట్టుకున్నారు. బొగ్గుపొడి అద్ది, చుక్కలు కలిపి, కుంచెతో వెనక్కి తిరిగాను.

"నల్గొండ ఎక్కడ రాయాలె?"

ముప్పై నాలుగు చేతులూ పటానికి పడమటి వైపే చూపించాయి. తరగతి మొత్తానికి పూర్తి మార్కులు వేశాను.