నాకు బొట్టు పెట్టకండి

నేను ఒక ఎర్ర బొత్తాన్ని. అనకాపల్లి బస్టాండు ఎదుట చెరుకురసం బండి ఉంది చూడండి, దాని పెట్రోలు ఇంజన్ పక్కన ఉంటాను. నన్ను నొక్కితే ఇంజన్ ఆగుతుంది. అంతే నా ఉద్యోగం. తాడు లాగి ఇంజన్‌ని లేపినవాణ్ణి మొనగాడంటారు, ఆపే నన్ను మాత్రం ఎవరూ తలుచుకోరు. తలుచుకోకపోతే పీడా పోయింది! కానీ నేను చెయ్యని తప్పు నా నెత్తిన రుద్దితే ఊరుకోను.

ఫ్యాక్టరీలో నన్ను బిగించినావిడ ఇంజన్ తిరుగుతుండగా నన్ను నొక్కి, అది ఆగాకే పెట్టెలోకి పంపింది. నాలోంచి ఒక తీగ ఇంజన్ లోపలికి వెళ్తుంది. నన్ను నొక్కగానే ప్లగ్గుకు పోవలసిన కరెంటు ఆ తీగ వెంట నా దగ్గరికొచ్చి, ఇంజన్ ఇనుములోకి దిగిపోతుంది. నిప్పురవ్వ పడదు, ఇంజన్ నోరు మూస్తుంది. నేనూ ఇంజనూ కొన్నాళ్లు ఒక తోటలో నీళ్లు తోడాక, రసం అమ్మే గౌరీసు మమ్మల్ని కొని ఈ బండికి బిగించాడు.

ఇంజన్ గౌరీసు చూసుకుంటాడు. చెరుకు అతని భార్య నూకరత్నం పెడుతుంది. గడను మరలోకి తొయ్యడం ఎవరైనా చేస్తారు. నలిగిన పిప్పిని మడిచి, మధ్యలో నిమ్మచెక్క, అల్లంముక్క పెట్టి మళ్లీ తోసేటప్పుడే కుడిచేతి వేళ్లు రోలర్ల అంచుదాకా పోతాయి. అందుకే ఆవిడ ఎడమచెయ్యి ఎప్పుడూ నాకు దగ్గరలోనే ఉండేది. ఆ కుడిచేతిని కాచేది నేనే మరి.

దసరా వచ్చింది. ఆయుధపూజ అంటూ గౌరీసు ఇంజన్ మీద బిందెడు నీళ్లు కుమ్మరించాడు. ఒళ్లంతా పసుపు పూసి, ఖాళీ కనిపించిన చోటల్లా కుంకుమ పెట్టాడు. నాకైతే బొటనవేలితో అద్ది మరీ పెట్టాడు. ఆ తడి నా చుట్టూ ఉన్న సందులోంచి లోపలికి దిగింది. భక్తికి నేను అడ్డు చెప్పను గానీ, ఎవరూ నొక్కకుండానే నన్ను నొక్కినట్టయిపోయింది.

మర్నాడు తాడు లాగితే ఇంజన్ లేవలేదు. ప్లగ్గు విప్పి తుడిచాడు, లేవలేదు. పెట్రోలు మార్చాడు, కార్బురేటర్ కడిగాడు, చివరికి దండం కూడా పెట్టాడు.

"ఏటైపోనాదే దీనికి? మొన్న సుబ్బరంగా తిరిగినాది గదా!"

"గడలన్నీ పులిసిపోతన్నాయి, వేగిరం సూడయ్యా!" అని నూకరత్నం గోల.

ఆటో తోలే ఈశ్వర్రావు వచ్చి, "ఆ సిచ్చు తీగ పీకి సూడు బావా" అన్నాడు. పీకాడు. ఒక్క లాగుకే లేచింది! ఎందుకు లేచిందో ఒక్క క్షణం ఆలోచించి, నన్ను విప్పి ఎండలో పెట్టి ఉంటే సరిపోయేది. అబ్బే! "దిక్కుమాలిన సిచ్చు" అని నన్ను తిట్టి, గౌరీసు తీగను కత్తిరించి పారేశాడు.

"మరి ఆపాలంటేనో?" అంది నూకరత్నం.

"పెట్రోలు ట్యాపు కట్టెత్తే అదే ఆగుద్ది."

ఆగుద్ది, నిజమే. లోపల మిగిలిన పెట్రోలు అయ్యేదాకా తిరిగి తిరిగి, దాని ఇష్టం వచ్చినప్పుడు ఆగుద్ది.

కార్తీకమాసంలో ఒక మధ్యాహ్నం, జనం ఎగబడుతుండగా, నూకరత్నం పమిటచెంగు పిప్పితోపాటు రోలర్ల మధ్యకి పోయింది. భుజాన్ని లాగేసింది. దాంతోపాటే కుడిచెయ్యీ ముందుకు పోయింది.

"ఓలమ్మో! ఆపండర్రా!"

అలవాటుగా ఎడమచెయ్యి నా మీద పడింది. నొక్కింది. మళ్లీ నొక్కింది. నేను లోపలికి వెళ్లాను, పైకి వచ్చాను, మళ్లీ వెళ్లాను. తీగ లేని నేనేం చెయ్యను! నా జన్మలో అంత ఏడుపు ఎప్పుడూ రాలేదు. గౌరీసు పరుగెత్తుకొచ్చి ఏం చేశాడనుకున్నారు? తను కత్తిరించిన సంగతే మరిచి, పిడికిలి బిగించి నన్నే గుద్దాడు! ప్రాణం మీదకొస్తే గుర్తొచ్చింది ఈ దిక్కుమాలిన సిచ్చే. ఇక లాభం లేదని ప్లగ్గు టోపీ పట్టి పీకాడు. షాకు కొట్టి వెనక్కి పడ్డాడు. ఇంజన్ ఆగింది. నూకరత్నం చిటికెనవేలు నలిగిపోయింది, మిగతా చెయ్యి దక్కింది.

"సిచ్చు పని సెయ్యనేదు" అన్నాడు గౌరీసు, నలుగురి ముందు.

నోరుంటే అరిచేదాన్ని. నా బదులు ఆవిడే అరిచింది.

"దాన్నంటావేటి? తీగ కత్తిరించింది నువ్వు కాదేటి? అది బాగయ్యేదాకా నేను గడ ముట్టను!"

గౌరీసు తలొంచుకుని నన్ను విప్పాడు. తను పూసిన పసుపే లోపల గడ్డకట్టి ఉండడం చూశాడు. శుభ్రంగా గీకి, కొత్త తీగ వేశాడు.

ఈ ఏడు పూజ నూకరత్నమే చేసింది. నీళ్లు పొయ్యకముందే నాకు ప్లాస్టిక్ కవరు చుట్టింది. ఇంజన్‌కి, రోలర్లకి, చక్రాలకి, ఐసు కొట్టే సుత్తికి కూడా బొట్లు పెట్టారు. గౌరీసు కుంకుమ గిన్నె పట్టుకుని నా దాకా వచ్చాడు.

"దానికొద్దు" అని చెయ్యి అడ్డం పెట్టింది.

కవరు విప్పి, పొడిగుడ్డతో నన్ను తుడిచింది. గౌరీసు చేత తాడు లాగించింది. ఇంజన్ గట్టిగా అందుకుంది. వంగని చిటికెనవేలున్న ఆ చేత్తోనే నన్ను నొక్కింది. ఇంజన్ ఆగింది.

అప్పుడు గానీ మొదటి గడ చేతికి తీసుకోలేదు.